మాస్కుల మీద ఓటు

మనిషి ప్రాణం మీద ఓటింగు పెట్టడం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. చూసింది రౌడీల అడ్డాలోనో పేకాట క్లబ్బులోనో కాదు. గోడల నిండా పండితుల ఫోటోలు వేలాడుతున్న హాలులో, పేరుకు ముందు డాక్టరని రాసుకునేవాళ్ళ మధ్య కూర్చుని చూశాను. ఆ రోజు తెరుచుకున్న నోరు నాకు ఇంకా పూర్తిగా మూతపడలేదు. షాపుకు వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నాను. బ్రేకులు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు పాపం, బండి నా చేతుల్లో ఉంది కాబట్టి కదలకుండా వింటున్నారు.

నేను బైకు మెకానిక్కుని. కథ మాత్రం నాది కాదు, మా అక్కది.

మా అక్క గోడల మనిషి. చిన్నప్పుడు బడికి పంపితే దారిలో ఏదో ఒక పాత గోడ దగ్గర ఆగిపోయేది. గోడకు ముక్కు ఆనించి నిలబడ్డ పిల్లను చూసి ఇరుగుపొరుగు వాళ్ళు, "మీ పెద్దదానికి ఎవరైనా శిక్ష వేశారా ఏమిటి?" అని మా అమ్మను అడిగేవారు. అక్క చూసేది గోడను కాదు, గోడ మీద మచ్చల్ని. బూడిద రంగువి, పసుపువి, అంచులు ముడతలు పడి పైకి లేచినవి. మేమంతా వాటిని పాచి అనేవాళ్ళం. ఆ మాట వింటే అక్కకు ఒళ్ళు మండిపోయేది.

"పాచి కాదురా, లైకెన్. రెండు రకాల ప్రాణులు ఒకదాన్నొకటి పట్టుకుని బతుకుతాయి. ఒకటి ఇల్లు కడుతుంది, ఇంకోటి వండి పెడుతుంది."

"అయితే మొగుడూ పెళ్ళామన్నమాట."

నెత్తిన ఠంగున మొట్టికాయ పడేది.

ఆ మచ్చల కోసమే చదివింది. ఆ మచ్చల గురించే కాలేజీలో పాఠాలు చెప్పింది. పెళ్ళి మాటెత్తితే వినిపించనట్టు భూతద్దం తుడుచుకుంటూ కూర్చునేది. మాటలో కచ్చితం, తిండిలో చాదస్తం, నవ్వితే మాత్రం వీధి చివరికి వినిపించేంత నవ్వు. ఆ నవ్వు వల్లే కాలేజీలో పిల్లలు ఆవిడ క్లాసు ఎగ్గొట్టేవాళ్ళు కాదని నా అనుమానం.

ఉన్నట్టుండి ఒకరోజు కాళ్ళు వాచాయి. పరీక్షలు చేయిస్తే కిడ్నీలు రెండూ మొరాయించాయన్నారు. నేనొకటి ఇచ్చాను. ఇందులో నా గొప్పేమీ లేదు. కిడ్నీలు నా దగ్గర రెండున్నాయి, అక్క ఒక్కతే ఉంది. మా ఆవిడ ఒకపూటంతా ఏడ్చింది, మర్నాడు మేడ మీద గది కడిగి వదిన కోసం మంచం వేయించింది. అప్పటి నుంచి అక్క మా మేడ మీదే ఉంటోంది. నేను అప్పుడప్పుడు, "నా సొత్తు నీ దగ్గరుంది, జాగ్రత్త" అని వేళాకోళం చేస్తాను. "మోస్తున్నది నేను, బాడుగ నువ్వే ఇవ్వాలి" అంటుంది.

నవ్వులాటకు అలా అంటాం గానీ, ఆ సొత్తును నిలబెట్టుకోవడం చిన్న విషయం కాదు. పరాయి అవయవాన్ని ఒళ్ళు తోసెయ్యకుండా రోజూ మందులు మింగాలి. ఆ మందులు ఒంట్లో కాపలావాళ్ళని నిద్రపుచ్చుతాయి. ఇక ఏ జబ్బు వచ్చి తలుపు తట్టినా అడిగే నాథుడుండడు. అలాంటి మనిషి మీదికి ఆ మహమ్మారి వచ్చి పడింది. టీకా వచ్చిందని సంబరపడ్డాం. వేయించుకోమన్నప్పుడల్లా అక్క వేయించుకుంది. రక్తం పరీక్ష చేసి చూసి డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. కాపలావాళ్ళు నిద్రలో ఉంటే టీకా ఎవరికి పాఠం చెబుతుంది? ఒంటికి పట్టలేదు. సర్టిఫికెట్టులో మాత్రం అన్ని డోసులూ పడ్డాయి. కాగితం ప్రకారం మా అక్క మా వీధిలోకెల్లా గట్టి మనిషి.

తర్వాత ఏమైందో మీకూ తెలుసు. జనం మాస్కులు తీసి పారేశారు, చేతులు దులుపుకున్నారు, ఆ రోజుల్ని పీడకలలా మర్చిపోయారు. మా మేడ మెట్ల దగ్గర మాత్రం ఆ రోజులు కదలకుండా కూర్చున్నాయి. మా అమ్మాయికి కాస్త ముక్కు కారితే చాలు, అత్తతో మాటలన్నీ కింది మెట్టు మీద నుంచే. పై మెట్టు మీద అత్త, కింది మెట్టు మీద కోడలు, మధ్యలో లెక్కలు, ఎక్కాలు, స్కూల్లో తగాదాలు. కాలేజీవాళ్ళు కొన్నాళ్ళు ఇంటి నుంచి పాఠాలు చెప్పనిచ్చి, ఆ తర్వాత వస్తే రండి, లేకపోతే మానెయ్యండి అన్నారు. మానేసింది. స్కూలు పుస్తకాలకు మొక్కల బొమ్మలు గీసి పంపుతోంది.

నేను కూడా షాపులో మాస్కుతోనే పనిచేస్తాను. ఇంట్లోకి ఏదీ మోసుకెళ్ళకూడదుగా. కుర్రకారు నాకు 'ముసుగు మెకానిక్కు' అని పేరు పెట్టారు. పెట్టనీయండి, పేరుకేం ఖర్చు లేదు.

ఎక్కడికీ పోలేని మనిషికి మా మేడ మీద పిట్టగోడే అడవైంది. రోజూ పొద్దున్నే ముక్కాలి పీట వేసుకుని, భూతద్దం పట్టుకుని దాని ముందు కూర్చునేది. ఏ మచ్చ ఎంత పెరిగింది, ఏది తరిగింది, ఏది కొత్తగా వచ్చింది, అన్నీ బొమ్మలు గీసేది. బండ్లు తిరగక వీధి ఊపిరి పీల్చుకున్న రోజుల్లో ఒక కొత్త మచ్చ కనిపించిందట. లేత బూడిద రంగు, అంచున సన్నటి నల్ల గీత. బండ్ల పొగ ఉండే ఊళ్ళల్లో కనిపించే రకం కాదట అది. బండ్లు మళ్ళీ మొదలయ్యాక వీధి వైపు పెరిగింది మాడిపోయి, నీళ్ళ ట్యాంకు వెనకది బతికింది. అక్క ఆనందం చూడాలి. ఇంట్లో ఎవరికో పురుడు వచ్చినట్టు మా అందర్నీ పిలిచి చూపించింది. మా ఆవిడ కళ్ళు చిట్లించుకుని చూసి, "బాగుంది వదినా, గోరంత ఉంది" అంది. అంతకంటే ఏమనాలో ఎవరికీ తెలియదు.

అది ఫలానా జాతి అని తేల్చి చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడని అక్క అనేది. ఆయన లైకెన్ల విషయంలో అందరికీ గురువు. పుస్తకం వెనక ఆయన ఫోటోలో గడ్డం బొడ్డు దాకా ఉంటుంది కాబట్టి మేం ఆయన్ని గడ్డం మాస్టారు అనేవాళ్ళం. అక్క చదువుకున్నది ఆయన పుస్తకంలోనే. ఆయన చూపు ఆ బొమ్మల మీద పడాలి, అది నిజమని ఆయన నోట రావాలి. ఇన్నేళ్ళలో మా అక్క కోరిన కోరిక అదొక్కటే.

ఒకరోజు అక్క నన్ను మెట్ల దగ్గరికి కేకేసింది. చేతులకు గ్రీజుతోనే వెళ్ళాను. ఫోను మెట్టు మీద పెట్టి, తను వెనక్కి జరిగి, "చదువు" అంది. లైకెన్ల మీద సదస్సు. రెండు రోజులు. మా ఊళ్ళోనే. గడ్డం మాస్టారు వస్తున్నాడు.

"అది కాదురా, కింద చదువు."

కింద నిబంధనలున్నాయి. హాజరయ్యే ప్రతి ఒక్కరూ టీకా సర్టిఫికెట్టు చూపించాలి. అన్ని గదుల్లోనూ, అన్ని వేళలా మాస్కు ధరించాలి. ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు. ఆఖరి వాక్యం నా చేత మళ్ళీ చదివించింది.

"ఎవరికీ లేదట్రా!" అంది. నా కళ్ళకు ఆ పై మెట్టు మీద కనిపించింది మా అక్క కాదు. అనుకోకుండా సెలవు దొరికిన బడిపిల్ల.

నాకు నమ్మకం కుదరలేదు. నా పనే అలాంటిది, బ్రేకులు బాగున్నాయని ఎవరన్నా చెబితే నేను నమ్మను, తొక్కి చూస్తాను. "ఫోన్ చేసి అడుగు" అన్నాను. అక్క స్పీకరు పెట్టి ఫోన్ చేసింది. తన జబ్బు సంగతి చెప్పలేదు, నియమం నిజంగా పాటిస్తారా అని మాత్రం అడిగింది. సదస్సు నడిపే అధ్యక్షుడే మాట్లాడాడు. తేనెలో ముంచి తీసిన గొంతు.

"మేడం, మాది శాస్త్రవేత్తల సభ. నియమం పెట్టామంటే పెట్టామన్నట్టే."

డాక్టరమ్మను అడిగాం. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "నీ మాస్కు సగం కాపలా, ఎదుటివాళ్ళ మాస్కు మిగతా సగం. రెండూ ఉన్నంతసేపు కూర్చో. రెండోది పోయిన క్షణం లేచి వచ్చెయ్. జబ్బు పట్టుకుంటే ఈసారి కిడ్నీ ఒక్కటే కాదమ్మా, నువ్వూ దక్కవు" అంది. ఆ ఆఖరి మాటకి నేను సదస్సూ వద్దు, ఏమీ వద్దనుకున్నాను. అక్క మాత్రం 'కూర్చో' అన్న మాట దగ్గర తల ఊపి, తక్కినదంతా గాలికి వదిలేసి, తన పిట్టగోడ మీద ఉపన్యాసం ఇస్తానని పేరు పంపేసింది.

తోడు నేనే వెళ్ళాను. మొదటి రోజు గుమ్మం దగ్గరే బల్ల వేసుకుని ఒక అమ్మాయి కూర్చుంది. అమ్మో, ఆ పిల్ల! అందరి సర్టిఫికెట్లూ తిప్పి తిప్పి చూస్తోంది. మాస్కు ముక్కు మీద నుంచి కాస్త జారినా, "సార్, పైకి" అంటోంది. మా ముందు వరసలో సాక్షాత్తూ గడ్డం మాస్టారే ఉన్నాడు. మాస్కు కింద నుంచి గడ్డం చీపురులా బయటికి వచ్చి ఊగుతోంది. ఆయన సర్టిఫికెట్టు ఉన్న ఫోను కారులో మర్చిపోయాడట. పక్కనున్న వాళ్ళు, "అమ్మాయ్, ఆయనెవరో తెలుసా?" అన్నారు. "తెలుసండి. ఫోను తెచ్చుకోమనండి" అంది. మాస్టారు నోరెత్తకుండా ఎండలో కారు దాకా నడిచివెళ్ళి తెచ్చుకున్నాడు. నేను అక్క వైపు చూశాను. కళ్ళల్లో నీళ్ళు.

"ఏంటక్కా?"

"ఏం లేదురా. ఇన్నేళ్ళకి నా కోసం ఒక తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు."

ఆ రోజు మా అక్క ఎలా ఉందో మీకు ఎలా చెప్పను! కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ప్రతివాడి ఉపన్యాసం చెవులప్పగించి విన్నది. నాకు మాత్రం ఆశ్చర్యం మీద ఆశ్చర్యం. ఒకాయన తల ఎత్తకుండా కాగితం చదివాడు, చప్పట్లు. ఇంకొకాయన బొమ్మలు తలకిందులుగా చూపించాడు, దానికీ చప్పట్లే. మధ్యాహ్నం అక్క తిండి డబ్బా తెచ్చుకుని బయట ప్రహరీ గోడ దగ్గర దూరంగా కూర్చుంది. తిన్నాక మాస్కు పెట్టుకుని గోడ మీద ఏదో చూడటం మొదలుపెట్టింది. అది చూసి ఒకావిడ వచ్చింది, ఇంకొకాయన వచ్చాడు. కాసేపటికి డాక్టర్లందరూ ప్యాంట్లు మాసిపోతున్నా పట్టించుకోకుండా గోడ ముందు మోకాళ్ళ మీద ఉన్నారు. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, "ఏం పారేసుకున్నారు సార్?" అని అడిగాడు. మా అక్క నవ్వింది. ఆ పాత నవ్వు, వీధి చివరికి వినిపించే నవ్వు. భూతద్దం పంచుకున్న ఆవిడ, "రేపు మీ ఉపన్యాసం కోసం ఎదురుచూస్తుంటాను" అంది.

ఆ పండితుల అలవాటొకటి నాకు భలే నచ్చింది. ఏ చిన్న విషయమైనా చేతులెత్తి తేల్చుకుంటారు. కర్టెన్లు వెయ్యాలా? చేతులెత్తండి. టీ ముందా, ప్రశ్నలు ముందా? చేతులెత్తండి. గడ్డం మాస్టారు సైతం చేతిలో పుస్తకం చదువుకుంటూనే పదిమందితో పాటు చెయ్యెత్తేవాడు. మా షాపులో నేనే రాజు, నేనే మంత్రి. ఇక్కడ ఎవరూ ఎవరి మీదా పెత్తనం చెయ్యడం లేదు, ఎంత మర్యాద, ఎంత న్యాయం అనుకున్నాను. ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పాను కూడా. రేపటి నుంచి మనింట్లోనూ ఇలాగే తేల్చుకుందామంటే, "ఇంట్లో ఆడవాళ్ళం ముగ్గురం, నువ్వొక్కడివి, బాగా ఆలోచించుకో" అంది.

రెండో రోజు అక్క ఉపన్యాసం. పొద్దున్నే హాల్లోకి అడుగు పెడుతుంటే నాకు ఏదో తేడాగా అనిపించింది. కొందరి మాస్కులు గడ్డం కింద ఉన్నాయి. ఒకాయనది ఒక చెవికి వేలాడుతోంది. బల్ల దగ్గరి అమ్మాయి "సార్, పైకి" అంటూనే ఉంది, వాళ్ళు నవ్వి లోపలికి పోతున్నారు. అక్క కిటికీ పక్కనే కూర్చుని తన బొమ్మలు సర్దుకుంటోంది. ఆవిడ వంతు ఇంకాసేపట్లో.

అధ్యక్షుడు లేచాడు.

"మిత్రులారా, చిన్న విషయం. మాస్కుల్లో మాట స్పష్టంగా వినిపించడం లేదని నిన్నటి నుంచి చాలామంది అంటున్నారు. ఉక్కగా కూడా ఉంది. మనమందరం టీకాలు వేయించుకున్నవాళ్ళమే, సర్టిఫికెట్లు చూశాం. కాబట్టి ఇక మాస్కులు తీసేద్దామని ఒక ప్రతిపాదన. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెయ్యెత్తండి."

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. ఎవరికీ మినహాయింపు లేదన్న నోరు అదేనా? ఫోనులో నేను విన్న గొంతు అదేనా? అక్క వైపు చూశాను. బొమ్మలు సర్దడం ఆపింది. ఒక్క చెయ్యీ లేవలేదు. అధ్యక్షుడు చిరునవ్వుతో మాస్కు తాడు మీద వేలు పెట్టేశాడు.

మా అక్క చెయ్యెత్తింది.

కుర్చీలన్నీ కిర్రుమన్నాయి. ఎవరా అని అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"ఓ. మేడం, కారణం చెబుతారా? ఊరికే, మేం అర్థం చేసుకోవడానికి."

అక్క తన జబ్బు గురించి ఎవరికీ చెప్పుకునే మనిషి కాదు. కాలేజీలో పక్క కుర్చీవాళ్ళకు కూడా సెలవు పెట్టేదాకా తెలియదు. అలాంటి మనిషిని అంతమందిలో నిలబెట్టి అడుగుతున్నాడు. నా తల కొట్టేసినట్టయింది. అక్క లేచి నిలబడింది.

"నాకు కిడ్నీ మార్పిడి జరిగిందండి. టీకా నా ఒంటికి పట్టలేదు. మీరు మాస్కు తప్పనిసరి అని రాశారని వచ్చాను. లేకపోతే వచ్చేదాన్ని కాదు."

"అయ్యయ్యో!" అన్నాడాయన గుండె మీద చెయ్యేసుకుని. నిజంగానే బాధపడ్డాడు, ఆ మాట ఒప్పుకోవాలి. హమ్మయ్య, తేలిపోయింది అనుకున్నాను. కానీ ఆయన ఇంకా కూర్చోలేదు.

"మీ పరిస్థితిని మేమంతా గౌరవిస్తాం మేడం. ఇంత సున్నితమైన విషయం నేనొక్కణ్ణే తేల్చెయ్యడం ధర్మం కాదు. అందర్నీ అడుగుదాం. మాస్కులు తీసేద్దామనేవాళ్ళు?"

ఓటు! కర్టెన్లకు పెట్టిన ఓటు, టీకి పెట్టిన ఓటు!

మొదట వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత వరసగా లేచాయి. నిన్న భూతద్దం పంచుకున్న ఆవిడ తన ఒళ్ళోకి చూసుకుంటూ చెయ్యెత్తింది. మోకాళ్ళ మీద కూర్చుని మా అక్క చెప్పింది రాసుకున్న ఆయన సగం ఎత్తి, పక్కవాళ్ళని చూసి పూర్తిగా ఎత్తాడు. ముందు వరసలో గడ్డం మాస్టారు ఏదో పుస్తకం తిరగేస్తున్నాడు. చుట్టూ చేతులు లేచిన అలికిడికి తలెత్తి చూశాడు. నిన్న కర్టెన్లకు ఎత్తినట్టే, ఆయన కూడా చెయ్యెత్తాడు.

అక్క ఆ చేతినే చూస్తోంది.

"ఉంచుదామనేవాళ్ళు?"

అక్క చెయ్యి. నా చెయ్యి.

"మీరు ప్రతినిధి కాదు కదండీ," అన్నాడు అధ్యక్షుడు నాతో, ఎంతో మర్యాదగా. "తోడు వచ్చినవాళ్ళకు ఓటు లేదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకు లేకపోతే పోనివ్వండి! నా కిడ్నీ మా అక్క ఒంట్లో కూర్చుని ఉంది. దానికైనా ఓటుందా లేదా?"

వాళ్ళు నవ్వారు. ఒట్టు, నవ్వారు! నేనేదో చమత్కారం చేశాననుకుని, పాపం, హాయిగా నవ్వారు. అక్క నా చొక్కా పట్టుకుని లాగకపోతే ఆ రోజు ఏమయ్యేదో నాకే తెలియదు. మేం తలుపు చేరుకునే లోపలే వెనక నుంచి మాస్కులు ఊడదీస్తున్న చప్పుడు, దాని వెంటే హాయిగా వదిలిన ఊపిర్లు వినిపించాయి.

బయట ఆవరణలోకి వచ్చి పడ్డాం. ఎవరూ లేరు. అక్క గోడ పట్టుకుని నిలబడి రొప్పుతోంది.

"పద అక్కా, ఇంటికి పోదాం. వీళ్ళ మొహాలు చూడటం కూడా పాపం."

"కాసేపట్లో నన్ను పిలుస్తారు."

"పిలిస్తే పిలవనీ! డాక్టరమ్మ ఏం చెప్పింది? లేచి వచ్చెయ్యమంది కదా?"

"లేచే వచ్చాను కదా." అక్క మొహం పాలిపోయింది గానీ గొంతు గట్టిగానే ఉంది. "లోపలికి వెళ్ళనురా. ఇక్కడి నుంచే చెబుతాను. ఇన్నేళ్ళు పిట్టగోడ ముందు కూర్చున్నది ఇంటికి పోయి నీతో చెప్పుకోవడానికి కాదు."

బల్ల దగ్గరి అమ్మాయిని పిలిచింది. ఆ పిల్ల మాస్కు మాత్రం ఉండాల్సిన చోటే ఉంది, దాని పైన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమీ అడక్కుండా లోపలికి పోయి కిటికీ రెక్కలు బార్లా తెరిచింది, మైకు తీగ లాగి బయటికి అందించింది. తర్వాత బొమ్మలు తెర మీద వేయడానికి కంప్యూటరు దగ్గర నిలబడింది. అధ్యక్షుడికి సంగతి తెలిసి మొహం వెలిగిపోయింది.

"అద్భుతమైన ఆలోచన! చూశారా, మనసుంటే అందరికీ ఒక దారి దొరుకుతుంది!"

హాలంతా చప్పట్లు. దేనికి కొట్టారో, ఎవరిని చూసుకుని కొట్టారో నాకు ఇప్పటికీ అంతు పట్టదు. నేను నోరెళ్ళబెట్టి చూస్తూ ఉండిపోయాను.

అక్క కిటికీకి దూరంగా, మైకు తీగ అందినంత వెనక్కి వచ్చి నిలబడింది. ఆరుబయట గాలి ధారాళంగా వీస్తోంది. మాస్కు తీసి సంచిలో పెట్టుకుంది. మా ఇంట్లోవాళ్ళం, డాక్టరమ్మ తప్ప బయటివాళ్ళెవరూ ఇన్నేళ్ళుగా ఆ మొహం చూడలేదు. మాట్లాడటం మొదలుపెట్టింది.

ఎంత బాగా చెప్పిందని! ఒకే ఒక్క పిట్టగోడ. ఒక వీధి మూగబోయినప్పుడు ఆ గోడ మీద ఏం మొలిచింది, వీధికి మళ్ళీ నోరు వచ్చినప్పుడు ఏం మాడింది, నీళ్ళ ట్యాంకు వెనక ఏది దాక్కుని బతికింది. కాగితం చూడలేదు, ఒక్క మాట తడబడలేదు. లోపల పుస్తకం తిరగేసేవాళ్ళు పుస్తకం మూశారు. పక్కవాడితో గుసగుసలాడేవాళ్ళు గుసగుసలు ఆపారు. గడ్డం మాస్టారు కుర్చీ అంచుకు జరిగి, మెడ సాచి తెర మీది బొమ్మలు చూస్తున్నాడు. నేను కిటికీ పక్కన నిలబడి ఒక్కొక్కరి మొహమే వెతుకుతున్నాను. ఇంత విన్నాక, ఇంత చూశాక, కనీసం ఒక్కడైనా సిగ్గుపడి జేబులోంచి మాస్కు తీసి పెట్టుకుంటాడేమో అని. మా అక్క లోపలికి రావడానికి కాదు, ఊరికే, మర్యాదకి. ఒక్కరూ పెట్టుకోలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళయితే నాకు ఇంత దిగ్భ్రాంతి ఉండేది కాదు. మంచివాళ్ళు. కళ్ళు చెమర్చి వింటున్నారు.

చప్పట్లు ఆగకుండా మోగాయి. అవి మోగుతుండగానే గడ్డం మాస్టారు లేచి, ప్రశ్నల మైకు కూడా తీసుకోకుండా, సరాసరి కిటికీ దగ్గరికి వచ్చాడు. మాస్కు లేదు, గడ్డం రొమ్ము మీద పరుచుకుని ఉంది. ఫోటోలో ఉన్నట్టే ఉన్నాడు. అక్క గబుక్కున సంచిలోంచి మాస్కు తీసి మొహానికి పెట్టుకుంది.

"అది మీరన్న జాతే అమ్మా. నాకు అనుమానం లేదు. ఇటీవల ఇంత ఓపికైన పని నేను చూడలేదు."

మా అక్క మొహంలో మాస్కు పైన కనిపించేవి కళ్ళే. ఆ కళ్ళు ఒక్క క్షణం అన్నీ మర్చిపోయాయి. ఇన్నేళ్ళ కోరిక, ఆ నోటితోనే, ఆ మాటలతోనే తీరింది. అంతవరకూ జరిగిందంతా ఆ క్షణానికి నేను కూడా క్షమించేద్దామనుకున్నాను.

మాస్టారు రెండు మోచేతులూ కిటికీ గట్టు మీద ఆనించి, ఇంట్లో పెద్దమనిషిలా, ఎంతో ప్రేమగా అడిగాడు.

"ఇంత మంచి పని చేస్తూ ఇన్నేళ్ళూ ఏ సభకీ రాలేదేమమ్మా? మేమేమైనా పరాయివాళ్ళమా?"

ఎత్తిపొడుపేమో అని ఆ మొహంలోకి వెతికి వెతికి చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు, తెలుసుకుందామనే అడుగుతున్నాడు. అక్క మాస్కు అంచుల్ని ముక్కు మీద గట్టిగా నొక్కుకుంది. జవాబు కోసం చూస్తూ ఆయన పక్కకు తిరిగి దగ్గాడు. ఒకసారి కాదు, తెరలు తెరలుగా దగ్గి, అరచేత్తో మూతి తుడుచుకున్నాడు.

"ఏం లేదులే, నిన్న రాత్రి నుంచి కాస్త గొంతు పట్టింది," అన్నాడు. "చెప్పమ్మా."

అక్క ఒక అడుగు వెనక్కి వేసింది. సిగ్గరి మనిషి అనుకున్నాడో ఏమో, ఆయన నవ్వుతూ కిటికీలోంచి ఇంకాస్త ముందుకు వంగాడు.